చందా పుస్తకంలో మొదటి పేరు

బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో ఒక చిన్న సంగతి రాసుకున్నాడు. ఫిలడెల్ఫియాలో గిల్బర్ట్ టెన్నెంట్ అనే పాస్టరు ఆయన దగ్గరికొచ్చి, మేం కొత్త ప్రార్థనామందిరం కట్టుకుంటున్నాం, చందాల వసూలుకి మీరూ తోడు రండి అన్నాడు. ఫ్రాంక్లిన్ రానన్నాడు. అప్పటికే ఊళ్లో రకరకాల పనులకి జనాన్ని అడిగి ఉన్నాడు, మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కుంటారని ఆయన బాధ. పోనీ ఇంతకుముందు మీరు అడిగితే ఇచ్చినవాళ్ల పేర్లన్నా రాసివ్వండి అన్నాడు పాస్టరు. అదీ కుదరదన్నాడు. నా మాట మన్నించి ఇచ్చినవాళ్లని ఇంకొకరికి పట్టివ్వడం మర్యాద కాదన్నాడు. సరే, సలహా అయినా చెప్పండి. అది మాత్రం ఎంతైనా చెప్తానన్నాడు.

ఆ సలహా ఇదీ: ముందు తప్పకుండా ఇస్తారని తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లు. తర్వాత, ఇస్తారో ఇవ్వరో తెలియనివాళ్ల దగ్గరికి వెళ్లి, ఇచ్చినవాళ్ల జాబితా చూపించు. చివరికి, ఏమీ ఇవ్వరని నువ్వు గట్టిగా అనుకుంటున్నవాళ్లనీ వదలకు, వాళ్లలో కొందరి విషయంలో నీ అంచనా తప్పు కావచ్చు. పాస్టరు నవ్వి అలాగే చేశాడు. అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ వచ్చింది. ఆర్చ్ వీధిలో పెద్ద మందిరం లేచింది.

వినాయక చవితికి చందా పుస్తకం పట్టుకుని తిరిగినవాళ్లకి ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది. నిజమే. మొదటి పేజీలో మొదటి గీత మీద ఎవరి పేరు పడాలి అనేది మా వీధి కుర్రాళ్లకి కూడా పెద్ద వ్యూహమే. కిరాణా కొట్టాయన 1116 అని రాశాక, పక్క మెడికల్ షాపాయన పుస్తకం అందుకుని ముందు పై గీత చూస్తాడు. ఆ తర్వాతే పెన్ను తీస్తాడు. ఆ మొదటాయన 51 అని రాశాడో, ఇక ఆ వీధి మొత్తం 51 దగ్గరే ఆగిపోతుంది.

నన్ను ఆకట్టుకున్నది ఆ కిటుకు కాదు. ఫ్రాంక్లిన్ ఏం ఇవ్వలేదో చూడండి. తోడు రాలేదు, జాబితా ఇవ్వలేదు, పాస్టరు తరఫున ఎవరినీ అడగలేదు. ఇచ్చింది సలహా ఒక్కటే, అదీ ఊరికే. తర్వాతి కాలంలో ఆ సలహాకి ఫీజు వచ్చింది. ఆ ఫీజు చుట్టూ ఒక వృత్తి, ఆ వృత్తికి కొన్ని నియమాలు, వాటి మీద నేటికీ తెగని ఒక తగువు వచ్చాయి. నేను చెప్పబోయేది ఆ ఫీజు కథ.

దీని మీద నాకెందుకింత ఆసక్తి అంటే, హైదరాబాద్‌లో ఒక చిన్న ట్రస్టుకి శని ఆదివారాలు దాతల జాబితా, రసీదుల లెక్కలు చూసే ప్రోగ్రామ్ రాసిపెడుతుంటాను. సాయంత్రం బడి నడుపుతారు వాళ్లు. ఒకసారి మీటింగుకి నిధుల సలహాదారు ఒకాయన వచ్చాడు. "మీరు నాకు పైసా ఇవ్వక్కర్లేదు. నేను తెచ్చినదాంట్లో పదిహేను శాతం చాలు" అన్నాడు. అందరికీ నచ్చేసింది. రిస్కు లేదు కదా! బోర్డులో ఒక రిటైర్డ్ టీచరమ్మ మాత్రం, "మరి ఆ పదిహేను శాతం ఎవరి డబ్బు బాబూ?" అని అడిగింది. ఆయన నవ్వాడే గానీ జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న వందేళ్ల కిందటే అమెరికాలో ఒకరిద్దరిని గట్టిగా పట్టుకుందని తర్వాత చదువుతుంటే తెలిసింది.

*

1905. వాషింగ్టన్ నగరం. అక్కడి వై.ఎం.సి.ఎ. కొత్త భవనం కోసం లైమన్ పియర్స్ అనే కార్యదర్శి చందాలు పోగు చేస్తున్నాడు. (మనకి వై.ఎం.సి.ఎ. అంటే నారాయణగూడ చౌరస్తా. అప్పటి అమెరికాలో అది ఊరూరా వ్యాపారులు, గుమస్తాలు, కాలేజీ కుర్రాళ్లు చేరే పెద్ద వ్యవస్థ.) చాలా భాగం వచ్చాక, చివరి మెట్టు దగ్గర వసూలు ఆగిపోయింది. అప్పుడు సంస్థ కేంద్ర కార్యాలయం చార్లెస్ సమ్నర్ వార్డ్ అనే ఇంకో కార్యదర్శిని సాయానికి పంపింది. మిషిగన్‌లో గ్రాండ్ రాపిడ్స్ శాఖని నడిపిన మనిషి. ఏడాది పొడుగునా కార్యదర్శి జోలె పట్టుకుని తిరిగే బదులు, ఆ పనంతా కొద్దిరోజుల్లోకి కుదించి, ఆ తర్వాత అసలు పని చూసుకోవచ్చు కదా అని ఆయనకి తట్టిన ఆలోచన.

ఈ ఇద్దరూ కలిసి తయారుచేసిన పద్ధతి ఈరోజుకీ పెద్దగా మారలేదు. మొత్తం ఎంత కావాలో ముందే చెప్పాలి. ఎప్పటిలోపు కావాలో తేదీ చెప్పాలి. ఊళ్లో పేరున్నవాళ్లని బృందాలుగా చేసి, ఒక్కో బృందానికి ఒక కెప్టెన్‌ని పెట్టాలి. అడగాల్సిన ప్రతి మనిషి పేరూ ఒక కార్డు మీద రాయాలి. ఒక కార్డు ఒకరి చేతిలోనే ఉండాలి, లేకపోతే ఒకే మనిషిని ముగ్గురు అడిగి విసిగిస్తారు. (డేటాబేసులో ఒకే రికార్డుని ఇద్దరు మార్చకుండా మేం పెట్టే తాళం ఇదే.) రోజూ మధ్యాహ్నం అందరూ ఒకచోట భోజనానికి కూర్చుని ఎవరెంత తెచ్చారో అందరి ముందూ చెప్పాలి. అడగబోయేవాడు ముందు తాను ఇచ్చి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రచారం మొదలయ్యే నాటికే ఒకటో రెండో పెద్ద మొత్తాలు చేతిలో ఉండాలి. మన కిరాణా కొట్టాయన 1116 అన్నమాట.

ఇక ఊరి నడిమధ్య ఒక పెద్ద గడియారం. వేళ చూపించేది కాదు, డబ్బు చూపించేది. చందా పెరిగినకొద్దీ ముల్లు జరుగుతుంది. ట్రాము దిగిన ప్రతివాడూ దాన్ని చూస్తాడు. పత్రికలు రోజూ దాని గురించి రాస్తాయి. మా ఆఫీసులో ప్రాజెక్టు ఎంత మిగిలిందో చూపించే గ్రాఫు ఒకటి గోడ మీద తెరలో ఎప్పుడూ కనిపిస్తూ ఉంటుంది. దాన్ని ఎవరు కనిపెట్టారని ఎప్పుడూ ఆలోచించలేదు గానీ, వార్డ్ గడియారం గురించి చదివాక దాని ముందునుంచి నడుస్తుంటే కొంచెం ఇబ్బందిగా ఉంటోంది. ముల్లు కదలకపోతే అది ఎవరో ఒకరి తప్పు అని చెప్పడానికే కదా దాన్ని అందరికీ కనపడేలా పెట్టేది.

వార్డ్ స్వయంగా ఎవరినీ అడగలేదు. అడిగింది ఊరి వ్యాపారులు, డాక్టర్లు, వకీళ్లు. ఆయన హోటల్ గదిలోంచి ఈరోజు ఎవరు ఎవరిని కలవాలో చెప్పేవాడు. ఇక ఆయన పుచ్చుకున్నది వై.ఎం.సి.ఎ. ఇచ్చే జీతం. ఊరు పెద్దదైనా చిన్నదైనా, పది లక్షలొచ్చినా లక్షే వచ్చినా అదే జీతం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అక్కణ్నుంచి కథ పరుగే. 1912లో ఆయన్ని లండన్ పిలిచారు. 1913లో న్యూయార్క్‌లో 40 లక్షల డాలర్ల ప్రచారం. 1914లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం, అంటే పద్ధతి ప్రార్థన, వ్యాయామశాల దాటి చదువులోకి వచ్చింది. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. రెడ్‌క్రాస్‌కి డబ్బు కావాలి. జె.పి. మోర్గన్ భాగస్వామి హెన్రీ డేవిసన్ నాయకత్వంలో, వార్డ్ పద్ధతిలో, జూన్ నెలలో ఒక్క వారంలో 10 కోట్ల డాలర్లు పోగు చేయాలని పెట్టుకున్నారు. అంత మొత్తం ఎవరూ ఎప్పుడూ అడిగి ఎరగరు. లక్ష్యం దాటిపోయింది.

ఆ వారం తర్వాత సలహాకి విలువుందని దేశమంతా తెలిసిపోయింది. 1919లో వార్డ్, పియర్స్ ఇద్దరూ మరో ఇద్దరితో కలిసి సొంత కంపెనీ పెట్టుకున్నారు. వాళ్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లు విడిపోయి ఇంకో కంపెనీలు పెట్టారు. మన దగ్గర ఒక కోచింగ్ సెంటర్ లెక్చరర్లు విడిపోయి పక్క సందులో ఇంకోటి పెట్టినట్టే.

*

అదే 1919లో ఇంకొకాయన వచ్చాడు. నాకు వార్డ్ కన్నా ఈయన మీదే గౌరవం. జాన్ ప్రైస్ జోన్స్. హార్వర్డ్‌లో చదివి, విలేకరిగా పనిచేసి, యుద్ధకాలంలో ప్రభుత్వ బాండ్ల ప్రచారం చూశాడు. హార్వర్డ్ తన శాశ్వత నిధికి కోటిన్నర డాలర్లు కావాలనుకున్నప్పుడు ఆ ప్రచారాన్ని నడిపి, లక్ష్యానికి దగ్గరగా తీసుకెళ్లి, ఆ ఏడాదే న్యూయార్క్‌లో కంపెనీ తెరిచాడు.

జోన్స్‌కి గడియారం మీద కన్నా కాగితం మీద నమ్మకం ఎక్కువ. ప్రచారానికి ముందు అధ్యయనం చేయాలనేవాడు. ఈ సంస్థ ఏం చేస్తోంది, ఎవరికి అక్కర, దాన్ని నిజంగా ప్రేమించేవాళ్లు ఎంతమంది, వాళ్ల దగ్గర ఎంత ఉంది, నాయకత్వం వహించేవాడు ఎవరు. ఇవన్నీ తేల్చి, పెద్ద నివేదిక రాసి, అప్పుడు చెప్పేవాడు: ఇంత అడగొచ్చు, ఇంతకి మించి వద్దు. ఒక్కోసారి, ఇప్పుడే వద్దు. ఆయన కంపెనీ కాగితాలు ఇప్పుడు హార్వర్డ్ బిజినెస్ స్కూలు గ్రంథాలయంలో ఉన్నాయి.

"ఇప్పుడే వద్దు" అనగలగడం సలహాదారు చేతిలో ఉన్న అసలు సరుకు అని నాకనిపిస్తుంది. శాతం మీద బతికేవాడు ఆ మాట అనలేడు. వద్దంటే ఆయనకి ఆ నెల గడవదు. నిదానంగా, మూడేళ్లు స్నేహంగా ఉండి పెద్ద మొత్తం ఇవ్వగల మనిషిని, ఈ మార్చిలోపు ఎంతో కొంత ఇవ్వమని పీడించకా తప్పదు, ఎందుకంటే మూడేళ్ల తర్వాత ఆయన కాంట్రాక్టు ఉండదు. పైగా వచ్చిన డబ్బు ఆయన వల్లే వచ్చిందని ఎలా తేలుస్తాం? ఇరవయ్యేళ్లుగా బడిలో చదువు చెప్పిన టీచర్లని చూసి ఇచ్చాడేమో దాత. మా టీచరమ్మ ప్రశ్న అదే.

సలహాదారు మాట పక్కన పెట్టి గడియారాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో మరుసటి ఏడాదే తెలిసింది. యుద్ధంలో రెడ్‌క్రాస్‌కి అంతంత వచ్చింది కాబట్టి, ప్రొటెస్టెంట్ చర్చిలన్నీ కలిసి ఇంటర్‌చర్చ్ వరల్డ్ మూవ్‌మెంట్ అని ఒకటి మొదలుపెట్టి, 1920లో 30 కోట్ల డాలర్లకు పైగా అడిగాయి. రాక్‌ఫెల్లర్ జూనియర్ లాంటివాళ్లు వెనక ఉన్నారు. పద్ధతి అదే, పటాలు, పోస్టర్లు, ప్రాంతాల వారీ వాటాలు అన్నీ ఉన్నాయి. ఖర్చులకి బ్యాంకుల్లో అప్పు తెచ్చారు. ఏ చర్చికీ చెందకపోయినా సాటి మనిషిగా ఇస్తారనుకున్న పౌరుల నుంచి 4 కోట్లు వస్తాయని లెక్క వేసుకుని, ఆ అప్పు దాంతో తీరుస్తామనుకున్నారు. వచ్చింది దాదాపు 30 లక్షలు. ఎవరి చర్చికి వాళ్లు బాగానే ఇచ్చుకున్నారు. అందరిదీ అయినదానికి ఇచ్చేవాడు దొరకలేదు. ఉద్యమం కుప్పకూలింది, హామీ పడ్డ చర్చిలు ఆ బ్యాంకు అప్పు కట్టుకున్నాయి.

ఆ కాలంలోనే ఊళ్లలో ఇంకో రకం మనుషులు తిరిగేవారు. ఆసుపత్రి కడతామని చందాలు ఎత్తి, సగం జేబులో వేసుకునే కమీషన్ ఏజెంట్లు. 1935లో, మాంద్యం నడుస్తుండగా, పెద్ద కంపెనీలు కలిసి ఒక సంఘం పెట్టుకుని నియమాలు రాసుకున్నాయి. అందులో మొదటి వరసలో ఉన్నది ఇదే: ఫీజు ముందే మాట్లాడుకోవాలి, అది చేసే పనికి తగ్గట్టు ఉండాలి, వసూలైనదాంట్లో శాతం కాకూడదు. వార్డ్ జీతం పద్ధతి అలా వృత్తి ధర్మంగా మారింది. 1960లో ఈ పనిలో ఉన్న ఉద్యోగుల సంఘం విడిగా మొదలైంది. ఆ సంఘం నియమావళిలోనూ శాతం నిషేధమే. ఇంకో నియమం కూడా ఉంది: దాతల వివరాలు సంస్థవే, సలహాదారు వాటిని చంకలో పెట్టుకుని తర్వాతి కస్టమర్ దగ్గరికి వెళ్లకూడదు. ఫ్రాంక్లిన్ పాస్టరుకి చెప్పిన రెండో "కుదరదు" ఇదే.

*

ఇక్కడ నాకు తెలుగు పాఠకుడిగా ఒక తేదీ గుర్తొస్తుంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1. బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. ఆ సమావేశాలనగానే పింగళి వెంకయ్య గారి జెండా కథ చెప్పుకుంటాం. కానీ ఆరోజు కమిటీ తీర్మానించింది మూడు అంకెలు, ఒక గడువు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు. కోటిమంది సభ్యులు. 20 లక్షల రాట్నాలు. జూన్ 30 లోపు.

మొత్తం, తేదీ, రెండూ బహిరంగంగా. వార్డ్ చూసుంటే మెచ్చుకునేవాడు. రెడ్‌క్రాస్ వారానికి, బెజవాడ తీర్మానానికి మధ్య నాలుగేళ్లు కూడా లేవు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని నేననడం లేదు, గాంధీకి అడగడం ఒకరు నేర్పించాల్సిన పని కాదు. నిధి గడువులోపే కోటి దాటింది. అందులో బొంబాయిదే పెద్ద వాటా, అర్దేషిర్ గోద్రెజ్ ఒక్కరే 3 లక్షలిచ్చారు. అంటే ఇక్కడా మొదటి పేరు ఉంది. తేడా ఇంకోచోట ఉంది. నాలుగణాలిచ్చినవాడు సభ్యుడయ్యాడు. ఇవ్వడం, చేరడం ఒకటే పని. నగ తీసి ఇచ్చిన ఇల్లాలికి అది ఇచ్చేసి మర్చిపోయే లెక్క కాదు. ఆ తర్వాత ఆ ఇంటి గుమ్మంలోకి ఉద్యమం ఎప్పుడైనా రావచ్చు. అమెరికా గడియారం ఆగిపోయాక ఊరు హమ్మయ్య అనుకుని ఇంటికి వెళ్లిపోయేది.

గాంధీ లెక్కల విషయంలో ఎంత కఠినుడో, అడగడంలో అంత మొండి. హరిజన నిధికి ఆయన సంతకం ఖరీదు ఐదు రూపాయలు. బంగారు గాజులున్న చిన్నపిల్ల కనిపిస్తే వదిలేవాడు కాదు. ఇదంతా ఇప్పుడు ఏ కోచ్ క్లాసులోనైనా చెబితే సగంమంది లేచి వెళ్లిపోతారు. ఆయనకి సాగింది ఎందుకంటే, అడిగేవాడి దగ్గర ఏమీ లేదని అడిగించుకున్నవాళ్లకి తెలుసు.

ఇంకో దారి కూడా ఉంది, అది వై.ఎం.సి.ఎ. లోంచే వచ్చింది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి తమిళుడు, దక్షిణాదిలో వై.ఎం.సి.ఎ. కార్యదర్శి. మద్రాసులో ఆ సంస్థ భవనానికి ఫిలడెల్ఫియా వర్తకుడు జాన్ వానమేకర్ డబ్బిచ్చాడు. పెద్ద దాత ఒక్కడు ఉంటే ఎంత సులువో అజరయ్య కళ్లారా చూసినవాడే. అయినా 1905 డిసెంబరులో, అంటే వాషింగ్టన్‌లో గడియారం తిరిగిన ఏడాదే, సెరాంపూర్‌లో ఆయన, మరికొందరు కలిసి ఒక సంఘం పెట్టి, ఇది భారతీయుల డబ్బుతో, భారతీయుల నాయకత్వంలోనే నడవాలన్నారు. తర్వాత ఆయన నిజాం రాజ్యంలోని డోర్నకల్ వచ్చాడు, 1912లో అక్కడ బిషప్ అయ్యాడు. చుట్టూ ఉన్నది ఎక్కువగా మాల, మాదిగ కూలీ కుటుంబాలు. వాళ్ల దగ్గర చందా ఏమిటి అనేవాళ్లు తోటి మిషనరీలే. ఆయన అడిగాడు. డబ్బు లేనివాళ్లు ధాన్యం తెచ్చారు, కోళ్లు తెచ్చారు. 1939లో డోర్నకల్‌లో ప్రతిష్ఠించిన కెథీడ్రల్ మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాలు కలగలిసి ఉంటుంది, రైల్లో వెళ్తూ చూసే ఉంటారు. ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశాడు. పేదవాణ్ని అడగకపోవడం దయ కాదు, అతన్ని లెక్కలో వేయకపోవడమే అని ఆయన పని మొత్తం నాకు చెప్పినట్టుంటుంది. మత విశ్వాసం పక్కన పెట్టి చదివినా ఆ మాట నన్ను ఆపుతుంది.

*

మళ్లీ వృత్తి దగ్గరికి. వార్డ్ వస్తాడు, గెలిపిస్తాడు, రైలెక్కి వెళ్లిపోతాడు. ఊళ్లో మిగిలేది భవనం. అడగడం వచ్చిన మనిషి మిగలడు. ఐదేళ్ల తర్వాత ఇంకో భవనం కావాలంటే మళ్లీ వార్డ్‌నే పిలవాలి. 1974లో శాన్ ఫ్రాన్సిస్కోలో హెన్రీ రోసో అనే సీనియర్ సలహాదారు ఇద్దరు మిత్రులతో కలిసి ఒక బడి పెట్టాడు. పేరే "ఫండ్ రైజింగ్ స్కూల్". ప్రచారం నేను నడపను, నడపడం మీకు నేర్పుతాను అన్నాడు. 1987లో అది ఇండియానా విశ్వవిద్యాలయానికి వెళ్లింది. ఇప్పుడు సంస్థల డైరెక్టర్లకి, నిధుల బృందాలకి నెలకి రెండు గంటలు కూర్చుని కోచింగ్ ఇచ్చే మనుషులందరూ ఒకరకంగా ఆ బడి సంతానమే. పీటర్ డ్రక్కర్ కూడా 1990లో లాభాపేక్ష లేని సంస్థల నిర్వహణ మీద పుస్తకం రాశాడు గానీ, ఆయన గురించి మేనేజ్‌మెంట్ చదివినవాళ్లు చాలా చెప్తారు, నేను దాటేస్తాను.

ఆ రెండు గంటల్లో ఏం జరుగుతుందో నేను కొన్నిసార్లు పక్కన కూర్చుని చూశాను. పెద్ద రహస్యాలేం లేవు. ఈ నెల ఎవరికి థాంక్స్ చెప్పారు, అడగకుండా ఊరికే ఎవరికి ఫోన్ చేశారు, బోర్డు సభ్యుల్లో తాము ఇచ్చినవాళ్లు ఎంతమంది. (వార్డ్ నియమం! అడిగేవాడు ముందు ఇవ్వాలి. మన బోర్డుల్లో ఇది అడిగితే గది నిశ్శబ్దమైపోతుంది.) తర్వాత నాటకం. కోచ్ దాతలా కూర్చుంటాడు, డైరెక్టరు అడగాలి. పదిహేనేళ్లు బస్తీలో పనిచేసిన మనిషి, పోలీస్ స్టేషన్లో సీఐతో గట్టిగా మాట్లాడగల మనిషి, "మీరు రెండు లక్షలు ఇవ్వగలరా" అన్న వాక్యం దగ్గర నీళ్లు నములుతాడు. అంకె బయటికి రాదు. "మీకు తోచినంత" అనేస్తాడు. కోచ్ ఆపి, మళ్లీ అనమంటాడు. ఏడోసారి అంకె వస్తుంది. వచ్చాక నోరు మూసుకుని కూర్చోవడం ఇంకా కష్టం. వెంటనే "లక్షైనా పర్లేదండీ" అనేస్తారు.

మన భాషలో అడగడానికీ అడుక్కోవడానికీ మధ్య దూరం ఒక్క ప్రత్యయమే. ఆ సిగ్గుని ఏ అమెరికన్ పుస్తకమూ లెక్కలోకి తీసుకోలేదు. కానీ మనకే వారాలు చెప్పుకుని చదువుకున్న చరిత్ర కూడా ఉంది. వారానికో ఇంట్లో భోంచేసి పెద్ద చదువులు చదివినవాళ్లు తమ ఆత్మకథల్లో అది సిగ్గుతోనూ రాశారు, గర్వంతోనూ రాశారు.

మరి ఈ కోచ్‌కి డబ్బెవరిస్తారు? మళ్లీ ఆ ప్రశ్నే. శాతం తప్పు అని 1935 వాళ్లు చెప్పింది నాకు నూటికి నూరుపాళ్లు నచ్చింది, కానీ వాళ్లకి హార్వర్డులు, ఆసుపత్రులు కస్టమర్లు. ముందే ఫీజు కట్టగల స్థోమత ఉన్నవి. మా ట్రస్టుకి ఏడాది బడ్జెట్టే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీతమంత. చిన్న సంస్థ దగ్గరికి శాతం వాడే వస్తాడు, ఎందుకంటే ఇంకెవరూ రారు. మన దాతలు బెంచీ కొంటారు, బియ్యం బస్తా ఇస్తారు, ఫ్యాను ఇచ్చి రెక్క మీద పేరు రాయిస్తారు. డైరెక్టరుకి నేర్పిన విద్య మీద పేరు ఎక్కడ రాయాలి? 2014 నుంచి పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలన్న చట్టం అమల్లోకి వచ్చాక డబ్బు పెరిగింది, దాంతోపాటు ప్రతిపాదనలు, స్లైడ్లు, కొలమానాలు పెరిగాయి. అవి రాయడం వచ్చినవాళ్ల అవసరమూ పెరిగింది. 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చి, అందులో పాలనా ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. అద్దె, ఆడిటరు, గుమస్తా జీతం అన్నీ అందులోనే సర్దుకోవాలి. కోచింగ్‌కి మిగిలేది ఏముంటుంది?

ఉన్న మార్గాల్లో నాకు మంచిదనిపించింది, నాలుగైదు చిన్న సంస్థలు కలిసి ఒకే కోచ్‌ని ఏడాదికి ఒప్పందం మీద పెట్టుకోవడం. ఎవరెంత వసూలు చేసినా ఫీజు మారదు. అలా చేసేవాళ్లున్నారు. చిక్కేమిటంటే, ఒకే ఊళ్లో ఒకే దాతల కోసం పోటీపడే సంస్థలు ఒకే మనిషికి తమ జాబితాలు చూపించాలి. మళ్లీ ఫ్రాంక్లిన్ దగ్గరికే వస్తాం.

జాబితా మాట వచ్చింది కాబట్టి నా పని గురించి ఒకటి చెప్తాను. వార్డ్ కార్డు మీద పేరు పక్కన, ఈ మనిషి ఎంత ఇవ్వగలడు అని ఊరి పెద్దలు కూర్చుని ఒక అంకె రాసేవారు. ఇప్పుడు ఆ అంకెని సాఫ్ట్‌వేర్ వేస్తుంది. ఇల్లు ఏ కాలనీలో, ఏ కంపెనీలో ఏ హోదా, కిందటేడు ఎంత ఇచ్చారు. కొనుక్కునే ప్యాకేజీల్లో తక్కువ అంకె ఉన్నవాళ్లకి ఉత్తరం వెళ్లకుండా వడపోసే బటన్ ఉంటుంది, పోస్టేజీ ఆదా. మాకు కూడా అది పెట్టమని అడిగారు. పెట్టేముందు పరీక్షగా పాత డేటా మీద నడిపి చూశాను. వడపోతలో పోయినవాళ్ల పేర్లు బోర్డు మీటింగులో తెర మీద వేశాను. టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. నాలుగో పేరు, బడి ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్నాయనది. ఆరేళ్లుగా నెలనెలా వంద రూపాయలిస్తున్నాడు. పదకొండో పేరు, అదే బడిలో చదివి ఇప్పుడు డెలివరీ పని చేస్తున్న కుర్రాడిది. ఆమె ఒక్కో పేరూ చదువుతూ, ఎవరో గుర్తు చేసుకుంటూ వెళ్తోంది. జాబితాలో ఇంకా నూట నలభై పేర్లున్నాయి, ఎవరూ ఆపమనలేదు.